బ్రేకు పట్టని వించి

"అది ఈ గుమ్మం ఎక్కినాదంటే నాను దిగిపోతాను" అన్నాను.

మా ఆయన శివాజీ విననట్టే వంగి, బండి ముందు బంపరు నుంచి ఊడదీసిన వించిని గోనెసంచి మీద ఈడ్చుకుంటూ అరుగు దాకా తెచ్చాడు. ఒక ఇనప డ్రమ్ము, పక్కన మోటారు, డ్రమ్ముకి చుట్టిన వైరు తాడు, చివర అరచేయంత కొక్కెం. ఇసకలో దిగబడిన చేపల వ్యాన్లనీ, ఒడ్డెక్కాల్సిన బోట్లనీ లాగడానికని మా ఆయన ముచ్చటపడి కొన్న సెకండ్‌హ్యాండు సరుకు. కొని నెల తిరగకముందే కన్నతండ్రి కాలి మీదికి బోటుని వదిలేసిన సరుకు.

అరుగు మీద కూర్చుని దాన్ని మంచినీళ్ళతో కడగడం మొదలెట్టాడు. తర్వాత కిరసనాయిలు గుడ్డతో తుడుపు. వైరు పోగుల మధ్య ఇసకని గోటితో గీకి మరీ తీస్తున్నాడు. ఆసుపత్రి నుంచి మావని ఇంటికి తెచ్చిన ఈ రెండు రోజుల్లో ఆ కాలి కట్టుని ఒక్కసారైనా ముట్టుకోని చేతులు అవి.

"తిరిగిచ్చేసే దానికి ఇన్ని సోకులెందుకు బావా?"

"ఇసకతో తీసుకెల్తే ఆడు ముట్టుకుంటాడేటి? నువ్వే సెడగొట్టినావంటాడు."

లోపల మావ గంగులు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాలి వేళ్ళు రెండు తీసేశారు. మూడోది ఉంచుతారో తీస్తారో ఈసారి కట్టు మార్చేటప్పుడు చూస్తామన్నారు. నలభై ఏళ్ళు సముద్రం మీద నిలబడిన మనిషి ఇవాళ పెరట్లోకి వెళ్ళాలంటే నా భుజం పట్టుకోవాలి. ఆయనకి అది ఎంత నామోషీయో నాకు తెలుసు. అందుకే పొద్దుట్నించీ మంచినీళ్ళు కూడా అడగలేదు.

జరిగింది ఊరంతా చూసింది. ఒడ్డున ఏటవాలు ఇసక మీదికి మా ఫైబర్ బోటుని వించి జోరుగానే లాగింది. సగం ఎక్కాక, అడుగున దొర్లే దుంగలు మార్చడానికి శివాజీ స్విచ్ మీంచి చెయ్యి తీశాడు. ఎక్కడి బోటు అక్కడ ఆగాలి. ఆగలేదు. వైరు బరబరా వదులైపోయి బోటు వెనక్కి వచ్చేసింది. అందరూ పక్కకి దూకారు. మావ దూకలేదు.

మా ఊళ్ళో ఎవరి బోటు ఒడ్డెక్కుతుంటే ఆ ఇంటి మనిషి ఒకడు వెనక భుజం ఆనించి ఉండాలి. బోటు చదును మీద కూర్చునేదాకా భుజం తియ్యకూడదు. ట్రాక్టర్లు వచ్చాయి, శివాజీ ఫోర్‌వీల్ బండి వచ్చింది, ఈ వించి వచ్చింది. ఆ అలవాటు మాత్రం పోలేదు. మా ఇంటి భుజం ఎప్పుడూ మావదే.

అత్త తాతమ్మ ఎండు చేపల గంప పక్కకి నెట్టి లేచింది. ఆవిడ నాకు అత్త అవడానికి ముందు నుంచీ అత్తే. మా నాన్నకి సొంత చెల్లెలు.

"ఒసే దేవీ, నువ్వూ ఎల్లు. ఈడొక్కడే ఎల్తే దీన్ని అమ్మిన ఆ నరసన్నపేటోడు టీ నీల్లు పోసి, ఈపు తట్టి పంపించేస్తాడు. బజార్లో సేపలమ్మిన నోరు నీది. ఆ నోటి ముందు ఎవులు నిలబడతారు?"

"ఆడోలెందుకే అమ్మా? నాను సూసుకుంటాను గదా" అన్నాడు శివాజీ.

"ఏటి సూస్తావురా? సూసి కొన్నావు గదా, సరిపోనేదేటి?"

"మొగోలు మాటాడుకునే కాడికి..."

"మీ బాబు కాలిరా అది! దాన్ని తీసుకెల్లు."

గోడవైపు నుంచి మావ గొంతు వినపడింది. "దాని గొడవ ఒగ్గేయండి. పోయిందేదో పోయింది."

నొప్పితో అంటున్నాడనుకున్నాను. చీర కుచ్చిళ్ళు దోపుకుని వెళ్ళి బండి ఎక్కాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ వించి ఇంకో బండికి ఎక్కకూడదు, ఇంకో బోటుకి దాని కొక్కెం తగలకూడదు. డబ్బు వచ్చినా రాకపోయినా నాకు అక్కర్లేదు. ఆ మాట దారిలో నాలుగుసార్లు చెప్పాను. శివాజీ నాలుగుసార్లూ "ఊ" అన్నాడు.

* * *

నరసన్నపేట దగ్గర హైవే పక్కన తిరుమలరావు షెడ్డు. ట్రాక్టర్లు, కోతమిషన్లు బాగుచేస్తాడు. వానాకాలంలో పొలాల్లో కూరుకుపోయిన ట్రాక్టర్లని తన జీపుతో లాగుతాడు. కొత్త వించి కొనుక్కుని పాతది మాకు అమ్మాడు.

మమ్మల్ని చూడగానే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి తమ్ముడూ. మీ నాన్నగారికేదో అయ్యిందని విన్నాను. ఎలాగున్నాది?"

ఆ మర్యాదకే నా ఒళ్ళు మండింది.

"ఎలాగుంటాది బాబూ? రెండు వేల్లు కోసేసినారు. మీరిచ్చిన వించి బాగా పనిసేసింది. ఇంకో వెయ్యి ఏల్లు సల్లగా ఉండండి."

ఆయన నా వంక చూశాడు. తర్వాత శివాజీ వంక చూశాడు. శివాజీ కోతమిషను చక్రాల వంక చూస్తున్నాడు.

"అమ్మా, ముందు కూకోండి. కాఫీ తాగుదురు గానీ. తమ్ముడూ, నువ్వొకసారి ఇలా రా, మాటాడుకుందాం."

"అటు ఎల్లి మాటాడే మాటలేటి? ఇక్కడే మాటాడండి, నాను వింటాను."

"అది కాదు తల్లీ..."

"ఏటి కాదు? నాను సేపలమ్మే దాన్ని. పాసిపోయిన సేపకి మొప్పల్లో ఎర్రరంగు పూసి అమ్మే వోల్లని రోజూ సూస్తాను. వోల్ల పక్కన గంప కూడా దించను. మీరు ఈ ఇనప ముక్కకి నల్ల రంగు నిగనిగలాడేలా పూసి మాకు అంటగట్టినారు. సేప పాసిపోతే కడుపు నొప్పొస్తాది. ఇది మనిసిని తింటాది. తినే కూడు నోటికెలాగ ఎల్తన్నాది మీకు?"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. నాకు ఇంకా ఊపు వచ్చింది. ఆయన్నీ, ఆయన షెడ్డునీ, అందులో పడే ప్రతి నట్టునీ బోల్టునీ తిట్టాను. తిరుమలరావు తల వంచుకుని విన్నాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఇంత ఓపిక ఎందుకు అనుకుని ఇంకా తిట్టాను.

షెడ్డు వెనక నూనె మరకల బట్టలు ఉతుకుతున్న ఆయన భార్య రాజకుమారి మోచేతుల దాకా సబ్బు నురగతో వచ్చింది.

"రంగా? ఏ రంగమ్మా?"

"తెలీనట్టు అడుగుతన్నారా?"

ఆవిడ నాకు జవాబు చెప్పకుండా మా బండి దగ్గరికి వెళ్ళి వెనక తలుపు మీంచి తొంగి చూసింది. తడి వేలితో డ్రమ్ముని రుద్దింది.

"ఈ రంగు మాది కాదు. మాకాడినుంచి ఎల్లినప్పుడు తుప్పు పట్టి ఉన్నాది, ఎలాగున్నదాన్ని అలాగే ఇచ్చినాం. రంగు మీ ఆయనే ఏయించుకున్నాడు."

నేను నవ్వాను. "మా ఆయన ఎందుకేయిస్తాడు?"

"రాజీ, నువ్వు లోపలికెల్లు" అన్నాడు తిరుమలరావు.

"ఎల్లను. ఇంతసేపూ మిమ్మల్ని అంటే ఊరుకున్నాను. మొగోడి పరువు, పెల్లాం ముందు ఎందుకని మీరు నోరు కట్టుకున్నారు. నాకు ఆ బాద నేదు." నా వైపు తిరిగింది. "అమ్మా, ఈ వించి లాగుతాది. లాగడంలో ఏ తేడా నేదు. లాగి ఆపితే మాత్రం నిలబడదు, లోపల బ్రేకు పోయింది. మా పొలాల్లో ట్రాక్టరు బురదలోంచి పైకొస్తే పని అయిపోతాది, నిలబెట్టక్కర్నేదు. మీకు ఏటవాలు. బోట్లకి అసలొద్దు అని అదిగో, ఆ టైరు మీద కూకుని ఉంటే నానే సెప్పినాను. రెండుసార్లు సెప్పినాను. ఏటన్నాడో నీ మొగుడినే అడుగు."

నేను అడగలేదు. శివాజీ మెడ వెనక చెమట కిందికి కారడం చూస్తూ నిలబడ్డాను.

"దుంగ ఎడతాం లెండి అన్నాడు" అంది రాజకుమారి. "బోటు ఎనకాల దుంగ అడ్డం ఎడితే జారదు, మా కాడ దుంగలకేటి కరువు అన్నాడు. బ్రేకు నేదని సెప్పి ధర కూడా తగ్గించుకున్నాడు."

వించి కొన్న రోజే వస్తానన్న శివాజీ మర్నాడు వచ్చాడు. విజయనగరంలో వైరింగు చేయించానన్నాడు. బండి దిగి, నల్లగా మెరుస్తున్న వించిని చూపించి, "ఎలాగున్నాదే?" అని అడిగాడు. నేను దిష్టి తీశాను. ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, ఆ డ్రమ్ము చుట్టూ తిప్పి, పొయ్యిలో పడేశాను.

"బావా" అన్నాను.

అతను బూటు కాలితో నేల మీద నూనె మరకని రుద్దుతున్నాడు.

తిట్టిన తిట్లన్నీ వెనక్కి వచ్చి నా నోట్లోనే చేదుగా తిరిగాయి. రాజకుమారి చేతులు పట్టుకుందామని వెళ్ళాను. ఆవిడ వెనక్కి తగ్గింది. తగ్గదా మరి!

"పోన్లెండమ్మా" అన్నాడు తిరుమలరావు. "నాదీ తప్పున్నాది. సెప్పినా సరే, బోటోల్లకి అమ్మకుండా ఉండాల్సింది. మీ డబ్బులు మీకిచ్చేస్తాను. దాన్ని ఇక్కడ దించేయండి, గ్యాస్ కట్టరెట్టి ఇప్పుడే కోసేస్తాను. ఇంకెవులి కంటా పడదు."

నా ప్రాణం లేచి వచ్చింది. "కోసేయండి బాబూ."

"వద్దు" అన్నాడు శివాజీ.

వచ్చిన దగ్గర్నుంచి అతను గట్టిగా అన్న మొదటి మాట అదే.

"వద్దేటి? డబ్బులిస్తానంటన్నాడు గదా!"

"తగ్గించి కొన్న డబ్బులే గదా ఇస్తాడు. రంగు డబ్బులెవులిస్తారు? వైరింగెవులిస్తారు?" బండి వెనక తలుపు దబ్బున వేశాడు. "ఎక్కు. పోదాం."

రాజకుమారి చేతుల మీద నురగ ఎండిపోయింది. ఆవిడ మమ్మల్ని చూసిన చూపు ఎలాంటిదో నాకు తెలుసు. రంగు పూసిన చేపల గంపని నేను చూసే చూపు అది.

* * *

ఆదివారం కావడంతో అరసవల్లి గుడి దగ్గర ఆటోలు, కార్లు కదలడం లేదు. శివాజీ బండి పక్కకి తీసి హోటల్ ముందు ఆపాడు.

"ఏటైనా తింటావా?"

అతను ఉప్మా పెసరట్టు చెప్పాడు. రోడ్డు పక్క బల్ల మీద కూర్చుని, నా కళ్ళ ముందే ముక్క తుంచి అల్లం పచ్చడిలో ముంచి తిన్నాడు. రెండోది కూడా చెప్పాడు. తండ్రి వేళ్ళు రెండు ఆసుపత్రిలో ఏ బకెట్లో పడేశారో తెలియదు, వీడు రెండో అట్టు చెప్పాడు. ఛీ! తన వేళ్ళకంటిన పచ్చడి నాకుతుంటే చూడలేక తల తిప్పుకున్నాను. పదేళ్ళ నుంచీ ఆ చేతికే అన్నం పెడుతున్నాను.

"దుంగ ఎందుకెట్టనేదు?" అని అడిగాను.

"ఏటి?"

"దుంగ ఎడతానని ఆలకి సెప్పినావు గదా. ఆ రోజు ఎందుకెట్టనేదు?"

"ఎట్టమని ఎవులికైనా సెప్పాలంటే, ఎందుకో కూడా సెప్పాల గదే. బ్రేకు నేదంటే ఎవులు బోటుకి తాడు కట్టనిస్తాడు? ఉన్నదంతా దాని మీద ఎట్టినాను. ఊరంతటి ముందూ కొత్తదానిలాగ తెచ్చి నిలబెట్టినాను."

"మావ ఎనక భుజమెట్టి ఉంటాడని నీకు తెల్దా?"

"తెలుసు."

"తెలుసా!"

"పట్టుకుంటాదనుకున్నాను" అన్నాడు. "అంతకు ముందు రెండుసార్లు పట్టుకున్నాది. తెలిసి సేస్తానేటి? నాకు బాద నేదనుకుంటన్నావా?"

అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. నోట్లో నీళ్ళు పోసుకుని పుక్కిలించి ఉమ్మాడు. ఆ బాధ ఏ మూలన ఉందో వెతికాను. కనపడలేదు.

"మరి ఇప్పుడెందుకు ఎనక్కి తెచ్చినావు? కోసేస్తానన్నాడు గదా."

"బేరమున్నాది."

"ఎవులికి?"

"ఎవులికైతే నీకెందుకు? అడిగినోడున్నాడు. ఇవాలే వస్తాడు."

"బ్రేకు సంగతి సెప్పినావా?"

జేబురుమాలుతో మూతి తుడుచుకుని బండి ఎక్కాడు. పొద్దున్నే అరుగు మీద కడగడం ఎందుకో అప్పుడు అర్థమైంది నాకు. తిరిగివ్వడానికి కాదు. అమ్మడానికి. నరసన్నపేట ప్రయాణం, వాడు వెనక్కి తీసుకోలేదని మా అత్తని నమ్మించడానికే. నేను వెంట రావడం ఒక్కటే అతను అనుకోనిది.

* * *

ఇంటి ముందు నలుగురైదుగురు కూడారు. శివాజీ బండి దిగుతూనే మొదలెట్టాడు. "మోసగాడు! ఎదవ! బ్రేకు నేదని ఇప్పుడు ఒప్పుకున్నాడు. డబ్బులడిగితే మొహం సాటేసినాడు." విన్నవాళ్ళు అయ్యో అన్నారు. పక్కింటి లక్ష్మణమ్మ ఆ తిరుమలరావు చేతులు పడిపోవాలని శాపం పెట్టింది. నేను వాళ్ళ మధ్యనుంచి లోపలికి వచ్చేశాను. మొగుణ్ణి వీధిలో నిలబెట్టడానికి నా నోరు రాలేదు. అది తలుచుకుంటే నామీద నాకే అసహ్యం వేస్తుంది.

జనం వెళ్ళాక తలుపు దగ్గరికి వేసి, అత్త ముందూ మావ ముందూ చెప్పేశాను. రంగు సంగతి, బ్రేకు సంగతి, రాజకుమారి రెండుసార్లు చెప్పిన సంగతి, అన్నీ.

అత్త నోరు తెరుచుకుని కొడుకు వంక చూసింది. "నిజమేటిరా?"

శివాజీ గుంజకి ఆనుకుని గోళ్ళు చూసుకుంటున్నాడు.

"నాకు తెలుసు" అన్నాడు మావ.

రెండు రోజుల తర్వాత ఆయన గోడవైపు నుంచి మా వైపు తిరిగాడు. కాలు కదలకుండా రెండు చేతులతో తొడ పట్టుకుని తిరిగాడు.

"తాడు జారతన్నప్పుడు ఈడు బండిలోంచి 'దుంగ, దుంగ' అని అరిసినాడు. అందరూ 'తప్పుకోండి' అని అరిసినారు, ఈడొక్కడే దుంగ అన్నాడు. జారతాదని తెలీనోడు దుంగనెందుకు అడుగుతాడు?"

అత్త రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. లేచి వెళ్ళి శివాజీ వీపు మీద కొట్టింది. ఒకటి, రెండు, మూడు. అతను కదలకుండా కొట్టించుకున్నాడు. తర్వాత ఆవిడ అలిసిపోయి, కొట్టిన చోటే చెయ్యి ఉంచి ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఆగింది.

"దేవీ, ఈ మాట గుమ్మం దాటకూడదే."

"అత్తా..."

"తెలిసీ దాసినాడని కులపెద్దల కాడికెల్లినాదంటే ఈ ఊల్లో ఏ బోటుకీ ఈడి తాడు కట్టనివ్వరు. మీ మావ ఇంక సముద్రం మీదికి ఏటకెల్లడు. ఈ బండీ ఆగిపోతే ఏటి తింటాం?"

"సరే, దాటదు. గానీ ఆ వించిని ఇరిసేయండి. సముద్రంలో పారేయండి. ఈడు దాన్ని ఇంకొకరికి అమ్ముతన్నాడు."

"ఎవులికిరా?" అంది అత్త.

శివాజీ చెప్పాల్సిన పని లేకపోయింది. నా ఫోన్ మోగింది. మా తమ్ముడు ధనరాజ్.

నా ఫోన్లో స్పీకరు పెడితే తప్ప వినపడదు. పెట్టాను.

"అక్కా, బావ ఫోనెత్తట్నేదేటి? ఆ వించి నాకిస్తానన్నాడు, మన బేరం కదలదు గదా? మావ కాలికి దెబ్బ తగిలినాదని ఇప్పుడింక బోట్లు లాగబుద్ది కావట్నేదు, నువ్వే వాడుకోమన్నాడు. భోగాపురం దాకా మన ఊల్లలో ఎవులికీ ఇలాంటిది నేదక్కా! సరుకు మంచిదే గదా?"

నేను ఫోన్ మీద అరచెయ్యి మూశాను.

"నా తమ్ముడికా?" అన్నాను శివాజీతో. "నా తమ్ముడికి అమ్ముతన్నావా?"

"ఆడే అడిగినాడు" అన్నాడు. "సదును నేల మీద వాడుకుంటాడు లే."

"ఒడ్డు మీద సదునెక్కడున్నాది!"

"అక్కా? వినబడతన్నాదా?" అంటున్నాడు తమ్ముడు నా చేతి కింద నుంచి.

అత్త వైపు చూశాను. సొంత అన్న కొడుకు. ఎత్తుకుని పెంచిన మేనల్లుడు. ఆవిడ చూపు నేలకి దించేసింది. మావ వైపు చూశాను. ఆయన మంచం మీంచి చెయ్యి ఊపాడు.

"బాగున్నాదని సెప్పేయ్" అన్నాడు మెల్లగా.

"మావా!"

"కుర్రోడు. జాగర్తగా ఉంటాడు. ముందది ఈ ఇంటినుంచి పోవాల. అదున్నన్నాల్లూ ఎవులో ఒకరు ఏదో ఒకటి అడుగుతానే ఉంటారు."

నాకు ఏడుపు రాలేదు. ఆసుపత్రిలో ఈయన మల మూత్రాలు ఎత్తినా రాని అసహ్యం అప్పుడు వచ్చింది. అయినా ఒక ఆశ. కట్టు కట్టిన కాలు ముందు పెట్టుకుని ఈ మనిషి అబద్ధం ఆడలేడనుకున్నాను. చెయ్యి తీసి, "ధనా, మావ ఇక్కడే ఉన్నాడు, ఆయన్నే అడుగు" అని ఫోన్ ఆయన చేతిలో పెట్టాను.

"దండం మావా! కాలెలాగున్నాది?"

"పరవానేదురా."

"వించి ఎలాగున్నాది మావా? నువ్వు మంచిదంటే కల్లు మూసుకుని తీసుకుంటాను. రేపే మా బోటు ఒడ్డెక్కించాల. నాన్న అప్పుడే సంబరపడిపోతన్నాడు, భుజం నాదే అంటన్నాడు."

మావ పెదవులు తడుపుకున్నాడు. ఆయన చూపు నా మొహం మీదే ఉంది.

"బాగున్నాదిరా అల్లుడా. దాని తప్పేటీ నేదు. నానే కాలు అడ్డం ఎట్టుకున్నాను."

"అదీ! నాన్నా నానూ వ్యాన్లో బయల్దేరిపోతన్నాం. పొద్దుగూకే లోపు వచ్చేస్తాం."

"ధనా, వద్దురా!" అని నేను అరిచేసరికి శివాజీ ఒక్క అంగలో వచ్చి ఫోన్ లాక్కుని ఆపేశాడు. దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు.

మావ మళ్ళీ గోడవైపు తిరిగాడు. అత్త చెంగుతో ముక్కు తుడుచుకుని, చేటలో బియ్యం పోసుకుంది. నాలుగు రాళ్ళు ఏరి అవతల పారేసింది.

"అన్నయ్య కూడా వస్తన్నాడన్నమాట" అంది. "కూరేటి సేద్దుమే? వంజరం సేప ఉన్నాదేటో సూసి రా."

ఆవిడ మొహంలోకి చూశాను. హాస్యం కాదు. కోపం కాదు. ఇంటికి అన్న వస్తున్నాడు, కూర చెయ్యాలి, అంతే.

"ఏటీ సెయ్యకత్తా" అన్నాను. "మా నాన్న నీ సేతి కూడు తినడు."

బయటికి వచ్చి బండి వెనక ఎక్కాను. వించి పక్కనే ఇనప రేకు మీద చతికిలపడ్డాను. ఎండకి రేకు కాలుతోంది. లక్ష్మణమ్మ తన గుమ్మంలోంచి, "ఏటే దేవీ, అక్కడ కూకున్నావు?" అంది. మా నాన్న కోసం ఎదురు చూస్తున్నానని చెప్పాను.

శివాజీ బయటికి వచ్చాడు.

"దిగు."

"దిగను. నాన్నొచ్చి దీని మీద సెయ్యేసేటప్పుడు నానిక్కడే ఉంటాను. నానే సెప్తాను."

"ఒసే, నలుగురూ సూస్తన్నారు, దిగు."

"సూడనీ."

అటూ ఇటూ చూశాడు. లక్ష్మణమ్మ పక్కన ఇంకో ఇద్దరు చేరారు. వాళ్ళకేసి ఒక నవ్వు నవ్వి, నా దగ్గరికి వంగి, "పుట్టింటికెల్లి కూకుంటావు సూడు" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. ఆ నవ్వు అలాగే ఉంది మొహం మీద. ఇదే నవ్వుతో కదా నాకు వించి చూపించాడు!

తర్వాత లోపలికి కేకేశాడు. "అమ్మా, మావయ్యోలిని ఇంత దూరం రప్పించడమెందుకు? నానే ఎదురెల్లి, దార్లోనే ఎక్కించేసి వస్తాను."

డ్రైవరు సీట్లో కూర్చుని బండి స్టార్ట్ చేశాడు. బండి కదిలితే నేను భయపడి దూకేస్తానని అతని లెక్క. ఊరి చివర మలుపు దాకా రెండుసార్లు కావాలని బ్రేకు వేసి ఊపాడు. అద్దంలో నన్ను చూస్తూనే ఉన్నాడు.

నేను కొక్కెం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. మా నాన్న ఎదురొచ్చే దారి అదే.